టమాటా నారును పెరట్లో ఎప్పుడు, ఎంత లోతున నాటాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కిటికీ పక్కన ట్రేలో పెంచిన టమాటా నారు జానెడు ఎత్తు దాటింది. కాడలు సన్నగా సాగి ఓ పక్కకి వాలుతున్నాయి, ఒకటి రెండింటికి మొగ్గ కూడా వచ్చింది. వీటిని పెరట్లో ఎప్పుడు నాటాలి, ఎంత లోతున నాటాలి, గుంతలో ఏమేం వేయాలి అని అడిగారు. పోయినసారి నాటినవి రెండు రోజుల్లోనే ఆకులు తెల్లబడి చనిపోయాయి కాబట్టి ఈసారి నాటాలంటే టెన్షన్‌గా ఉందన్నారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను.

రాత్రి ఉష్ణోగ్రత వరసగా ఓ వారం పాటు 10 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగకపోతే నాటొచ్చు. 13 డిగ్రీల పైన ఉంటే ఇంకా నిశ్చింత. నాటే ముందు వారం, పది రోజులు నారును కొద్దికొద్దిగా ఎండకూ గాలికీ అలవాటు చేయండి. పొద్దు వాలాక నాటండి. పైన నాలుగైదు ఆకులు మాత్రం బయట ఉంచి మిగతా కాడనంతా మట్టిలో పూడ్చేయండి. గుంతలో బాగా చివికిన కంపోస్టు రెండు దోసిళ్లు చాలు. మొగ్గలు గిల్లేయండి. కాడ సాగిపోయిందని నారు పారేయకండి, లోతుగా నాటితే అవే మంచి మొక్కలవుతాయి.

ఇక కారణాలు. నేను చాలా ఏళ్లుగా పెరట్లో టమాటా పెంచుతున్నాను, తెలిసినవాళ్లకు నారు పోసి ఇస్తుంటాను. ఒకే ట్రేలోంచి, ఒకే రకం మొక్కలు తీసుకెళ్లినవాళ్లలో ఒకరికి బుట్టలకొద్దీ కాస్తే ఇంకొకరికి నాలుగు కాయలతో సరి. ఎరువుల్లో తేడానేమో అనుకుంటారు చాలామంది. నేను చూసినంతలో తేడా వచ్చేది నాటడానికి ముందు వారంలో, నాటిన తర్వాత రెండు వారాల్లో. ఆ మూడు వారాల్లో వేరు బాగా పాకిన మొక్క తర్వాత చిన్నాచితకా ఇబ్బందులన్నీ తట్టుకుంటుంది. వేరు పాకని మొక్కకు తర్వాత ఎంత సేవ చేసినా అంతంతమాత్రంగానే కాస్తుంది. అందుకే ఇక్కడ ఎక్కువగా ఆ మూడు వారాల గురించే చెప్తాను.

పోయినసారి మీ మొక్కలకు ఏమైంది

ఆకులు తెల్లగా, కాగితంలా అయిపోయాయి అన్నారు చూడండి, అది తెగులు కాదు, ఎండదెబ్బ. కిటికీ పక్కన వెలుతురు మన కంటికి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది కానీ నేరుగా పడే ఎండతో పోలిస్తే అది చాలా తక్కువ. అలాంటి చోట పెరిగిన ఆకు మీద ఉండాల్సిన మైనపు పొర పల్చగా ఉంటుంది. ఒక్కసారిగా నడి ఎండలో పెడితే ఆకులోని నీరు వేరు అందించే దానికంటే వేగంగా ఆవిరైపోతుంది, ఆకుపచ్చని పదార్థం మాడి తెల్ల మచ్చలు పడతాయి. దానికి తోడు గాలి. గదిలో గాలి కదలదు కాబట్టి కాడ గట్టిపడదు, బయట ఓ మోస్తరు గాలి వీచినా మడత పడుతుంది.

అలవాటు చేయడం ఇలా. మొదటి రెండు రోజులు ట్రేని చెట్టు నీడలోనో, గోడ నీడలోనో రెండు మూడు గంటలు ఉంచి లోపలికి తెచ్చేయండి. తర్వాత ఉదయపు ఎండ ఓ గంట, మర్నాడు రెండు గంటలు, ఇలా పెంచుకుంటూ పోండి. ఐదారు రోజులకి మధ్యాహ్నపు ఎండ కూడా కాసేపు తగలనివ్వండి. చివరి రెండు మూడు రాత్రులు బయటే వదిలేయండి, అయితే ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తగ్గకూడదు. ఈ రోజుల్లో నీళ్లు కొంచెం తగ్గించండి. తగ్గించమంటే ఎండగట్టమని కాదు. పైమట్టి ఆరాక పోయాలి, మొక్క వాడిపోయేదాకా ఆగకూడదు. చిన్న ట్రే గుంటల్లో మట్టి ఎండలో గంటల్లో ఆరిపోతుంది కాబట్టి బయట పెట్టిన రోజు మధ్యాహ్నం ఓసారి చూసుకోవాలి.

అలవాటైన నారు చూడగానే తెలుస్తుంది. ఆకు రంగు కాస్త ముదురుతుంది, పట్టుకుంటే దళసరిగా తగులుతుంది, కాడ మొదట్లో కొద్దిగా ఊదా ఛాయ వస్తుంది. కాడను వేలితో మెల్లగా పక్కకి వంచి వదిలితే తిరిగి నిటారుగా నిలబడుతుంది. మీ నారు ఇంకా లోపలే ఉంది కాబట్టి ఇవాళ్టి నుంచే ఒక పని చేయండి. రోజుకి రెండు మూడుసార్లు అరచేతితో నారు మొవ్వుల మీద మెల్లగా నిమరండి. అలా కదిలించిన మొక్కలు పొట్టిగా, బొద్దుగా పెరుగుతాయి. బయట గాలి చేసే పనిని మీ చేయి చేస్తుందన్నమాట. ఆకులు తడిగా ఉన్నప్పుడు మాత్రం వద్దు. పొగాకు, సిగరెట్ ముట్టుకున్న చేతులైతే సబ్బుతో కడుక్కున్నాకే నారు ముట్టుకోండి. పొగాకుకి వచ్చే మొజాయిక్ వైరస్ టమాటాకి కూడా సోకుతుంది, ఎండిన పొగాకులో కూడా అది బతికే ఉంటుంది.

ఎప్పుడు నాటాలి

తేదీ చూసి నాటేవాళ్లు ఎక్కువ. నేనైతే క్యాలెండర్‌ని పక్కన పెట్టి రాత్రి ఉష్ణోగ్రత, మట్టి వెచ్చదనం చూడమంటాను. టమాటా వెచ్చని నేలల మొక్క, నీరు గడ్డకట్టేంత చలి పడితే ఒక్క రాత్రిలో నల్లబడిపోతుంది. అంత చలి అక్కర్లేదు, 10 డిగ్రీల కంటే తక్కువ రాత్రులు వరసగా వస్తే చావదు కానీ బిగుసుకుపోతుంది. కొత్త ఆకు వేయదు, వేరు కదలదు. మట్టి కూడా వెచ్చబడాలి. ఉదయం పూట నాలుగంగుళాల లోతున 15, 16 డిగ్రీలు ఉంటే వేరు హాయిగా పాకుతుంది. థర్మామీటర్ లేకపోతే పొద్దున్నే మట్టిలో వేలు గుచ్చి కాసేపు ఉంచండి. చల్లగా జివ్వుమంటే ఇంకా ఆగాలి.

చల్లని మట్టిలో నాటిన మొక్కకి ఆకుల అడుగున, ఈనెల వెంట ఊదా రంగు వస్తుంది. మట్టిలో భాస్వరం ఉన్నా చల్లదనం వల్ల వేరు దాన్ని తీసుకోలేకపోవడమే దానికి కారణం. చాలామంది కంగారుపడి భాస్వరం ఎరువు గుమ్మరిస్తారు. అవసరం లేదు, నేల వెచ్చబడితే ఆ రంగు దానంతటదే పోతుంది.

తొందరపడి రెండు వారాలు ముందు నాటిన మొక్కనీ, ఆగి వెచ్చబడ్డాక నాటిన మొక్కనీ పక్కపక్కన పెట్టి మా పెరట్లో చాలాసార్లు చూశాను. నెల తిరిగేసరికి రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి, చాలాసార్లు వెనక నాటిందే ముందు కాస్తుంది. కాబట్టి చలి విషయంలో ఆగినందువల్ల పోయేదేమీ లేదు.

వేడి విషయంలో మాత్రం ఇది పూర్తిగా తిరగబడుతుంది. మీ దగ్గర చలి బాధ లేకుండా ఎండలు ముదిరే వాతావరణమైతే ఆలస్యమే ప్రమాదం. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 కంటే దిగకపోయినా పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. మొక్క పచ్చగా, ఏపుగా ఉంటుంది, కాయ మాత్రం నిలవదు. నాటిన నెల, నెలన్నరకు పూత వస్తుంది. కాబట్టి నాటే రోజు ఎలా ఉందన్నది ఒక్కటే చూడకండి, నాటాక నెలన్నరకు రాత్రులు ఎలా ఉంటాయో లెక్క వేసుకోండి. పూత సమయంలో పగలు 20 నుంచి 30 మధ్య, రాత్రి 15 నుంచి 20 మధ్య ఉంటే టమాటాకి అంతకంటే కావాల్సింది లేదు. బాగా వేడి చోట పండు రంగు కూడా తేలిపోతుంది, ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటిన వేడిలో సరిగా తయారవదు. పండు పసుపు, నారింజ కలగలిపిన రంగులో ఆగిపోతే అందుకే.

జోరు వానల్లో నాటడం కూడా మంచిది కాదు. నీళ్లు నిలిచిన మట్టిలో వేరుకి గాలి అందదు, ఆకు ఆరకపోతే మచ్చ తెగుళ్లు పట్టుకుంటాయి. తప్పదంటే ఎత్తు మడి చేసి దాని మీద నాటండి.

ఎంత లోతున, ఎందుకు

చాలా మొక్కల్ని నారుమడిలో ఉన్న లోతులోనే నాటాలి, కాడ పూడిస్తే మొదలు కుళ్లుతుంది. టమాటా అలా కాదు. మీ నారు కాడని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని దగ్గరగా చూడండి. సన్నని నూగు మధ్యలో, ముఖ్యంగా మొదలు వైపు, ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి బుడిపెలు కనిపించొచ్చు. అవి వేరు మొలకలే. తడి మట్టి తగిలితే వారం, పది రోజుల్లో వేళ్లుగా సాగుతాయి. బుడిపెలు కనిపించకపోయినా ఫర్వాలేదు, మట్టిలోకి పోయిన కాడ నుంచి వేళ్లు వస్తాయి. పంట అయిపోయాక లోతుగా నాటిన మొక్కని పీకి చూస్తే, పూడ్చిన కాడ పొడవునా వేళ్లు కుచ్చులా అల్లుకుని ఉంటాయి. అంత వేరు ఉన్న మొక్క ఒక రోజు నీళ్లు తప్పినా తలవాల్చదు.

మీ నారు లాంటి సాగిన మొక్కకి ఇది వరం. నాటడానికి రెండు పద్ధతులున్నాయి. మట్టి గుల్లగా, వెచ్చగా ఉంటే లోతు గుంత తీసి నిలువుగా దించండి. మట్టి బరువైనదైనా, అడుగున చల్లగా ఉన్నా పడుకోబెట్టి నాటండి. నాలుగైదు అంగుళాల లోతున ఒక చిన్న కాలువ తీసి, మొక్కని అందులో అడ్డంగా ఉంచి, మొవ్వు వైపు మెల్లగా పైకి వంచి, మిగతాదంతా మట్టితో కప్పాలి. వంచేటప్పుడు బలవంతం చేయకండి, కాడ పుటుక్కుమంటుంది. నాటే ముందు మొక్కని ఓ అరపూట పక్కకి వాల్చి ఉంచితే మొవ్వు దానంతటదే వెలుతురు వైపు లేస్తుంది, అప్పుడు వంచే పనే ఉండదు. రెండు మూడు రోజుల్లో బయట ఉన్న భాగం నిటారుగా అయిపోతుంది. కాడ ఏ వైపు పడుకుందో గుర్తు పెట్టుకోండి, తర్వాత కర్ర పాతేటప్పుడు దానికి గుచ్చుకోకూడదు.

మట్టిలోకి పోయే భాగంలో ఉన్న ఆకుల్ని ముందే గిల్లేయండి. ఆకుతో సహా పూడిస్తే అది కుళ్లి కాడకి తెగులు తెచ్చే అవకాశం ఉంది.

దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. అంటు కట్టిన టమాటా మొక్క అయితే అంటు కట్టిన అతుకు మట్టిపైనే ఉండాలి. దాన్ని పూడిస్తే పై రకం సొంత వేళ్లు వేసుకుంటుంది. నేలలోని తెగుళ్లని తట్టుకుంటుందనే కదా కింద వేరే వేరు కట్టేది, ఆ లాభం పోతుంది. మీరు విత్తనం వేసి పెంచిన నారే కాబట్టి ఈ బాధ లేదు. ఇంకో మాట, ఇది చూసి మిరప, వంగ నారును కూడా ఇలా మెడదాకా పూడ్చకండి, అవి టమాటా అంత తేలిగ్గా కాడ నుంచి వేళ్లు వేయవు.

చోటు, మట్టి, గుంతలో వేసేవి

రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు నేరుగా ఎండ తగిలే చోటు కావాలి. నాలుగు గంటల ఎండలో కూడా మొక్క పెరుగుతుంది, కానీ కాయ తక్కువ. ఎండలు మరీ తీవ్రంగా ఉండే చోట ఉదయపు ఎండ పూర్తిగా, మధ్యాహ్నం మూడు గంటల తర్వాత నీడ ఉంటే మేలు.

గడిచిన రెండు మూడేళ్లలో అదే చోట టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప వేసి ఉంటే ఇంకో చోటు చూసుకోండి. ఇవన్నీ ఒకే కుటుంబం, తెగుళ్లూ చాలావరకు ఒకటే. వేరే చోటే లేదంటే పెద్ద కుండీలో కొత్త మట్టితో పెంచండి, మొక్కకి కనీసం 20 లీటర్ల మట్టి పట్టాలి. విత్తన ప్యాకెట్ మీద ఎఫ్, వి, ఎన్, టి అక్షరాలు ఉంటే ఆ రకం కొన్ని తెగుళ్లని తట్టుకుంటుందని అర్థం. ఎఫ్ అంటే ఫ్యుజేరియం ఎండు తెగులు, వి అంటే వెర్టిసిలియం ఎండు తెగులు, ఎన్ అంటే వేరుబుడిపె నులిపురుగులు, టి అంటే పొగాకు మొజాయిక్ వైరస్.

మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 6.0 నుంచి 6.8 మధ్య ఉంటే సరిపోతుంది. నాటడానికి రెండు వారాల ముందు మడి అంతటా రెండంగుళాల మందాన కంపోస్టు పరిచి తవ్వి కలిపేస్తే గుంతలో వేసేదాని గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు.

గుంతలో కోడిగుడ్డు పెంకులు, ఎప్సమ్ సాల్ట్, అరటి తొక్క వేయమని ఎవరో చెప్పారని రాశారు. నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను, ఈ మూడూ వద్దు. గుడ్డు పెంకు మట్టిలో కరిగి కాల్షియం అందించడానికి నెలలు పడుతుంది, ఈ పంటకి అందదు. వేసినా నష్టమేమీ లేదు, కంపోస్టులో వేయండి. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. మట్టిలో మెగ్నీషియం నిజంగా తక్కువైతే తప్ప దానితో పని లేదు, ఎక్కువైతే కాల్షియం వేరులోకి పోకుండా పోటీ పడుతుంది కూడా. కాయ అడుగు నల్లబడకుండా ఉంటుందని వేసేవాళ్లకి సరిగ్గా అదే సమస్య ఎక్కువయ్యే అవకాశం ఉంది. అరటి తొక్క పచ్చిది వేస్తే కుళ్లి పురుగుల్ని, ఎలుకల్ని పిలుస్తుంది. పచ్చి పేడ, చివకని కోళ్ల ఎరువు అసలే వద్దు, లేత వేరు మాడిపోతుంది. యూరియా లాంటి నత్రజని ఎరువు నాటేటప్పుడు వేస్తే ఆకు విరగబడి వస్తుంది, పూత వెనకబడుతుంది.

నాటే రోజు

సాయంత్రం కానీ, మబ్బు పట్టిన రోజు కానీ చూసుకోండి. రాత్రంతా ఎండ లేకుండా దొరికే ఆ పది, పన్నెండు గంటలు వేరుకి చాలా విలువైనవి.

నాటడానికి ఓ గంట ముందు ట్రేకి బాగా నీళ్లు పెట్టండి. తడిసిన మట్టిగడ్డ విడిపోకుండా వస్తుంది. గుంత తీసి ముందు గుంతలో నీళ్లు పోసి ఇంకనివ్వండి. మొక్కని ట్రేలోంచి తీసేటప్పుడు కాడ పట్టి లాగకండి, అడుగు నుంచి నొక్కి బయటికి తెచ్చి మట్టిగడ్డని పట్టుకోండి. కాడ నలిగితే మొక్క పోయినట్టే, ఆకు చిరిగితే ఇంకో ఆకు వస్తుంది. వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే అడుగున చేత్తో మెల్లగా విడదీయండి, టమాటా ఆ మాత్రం తట్టుకుంటుంది. పీచు కుండీల్లో పెంచి ఉంటే పైఅంచు మట్టి బయటికి కనిపించకుండా చించేయండి, లేకపోతే అది ఒత్తిలా తేమని పైకి లాగి ఆరబెడుతుంది.

మట్టి నింపాక చేత్తో ఒత్తండి, కాలితో తొక్కకండి. చుట్టూ చిన్న పాదు చేసి రెండు మూడు లీటర్ల నీళ్లు నిదానంగా పోయండి. ఆకుల మీద పోయొద్దు.

కర్ర అప్పుడే పాతేయాలి. తర్వాత చూద్దాం అనుకుంటే మొక్క పడిపోయే రోజుకి గానీ గుర్తు రాదు, అప్పుడు పాతితే వేళ్లు తెగుతాయి. ఐదారు అడుగుల కర్ర, ఓ అడుగు లోతున, మొక్కకి జానెడు దూరంలో. తాడు కడితే ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి, కాడ లావెక్కుతుంది కదా.

రాత్రిపూట మట్టిలోంచి వచ్చి లేత కాడని నేలమట్టానికి కొరికేసే పురుగు ఒకటుంటుంది. తెల్లారేసరికి మొక్క నరికినట్టు పడి ఉంటుంది. దానికి మందు అక్కర్లేదు. అట్టముక్కని గొట్టంలా చుట్టి, కాడ చుట్టూ అంగుళం మట్టిలోకి, రెండంగుళాలు పైకి ఉండేలా గుచ్చండి. రెండు మూడు వారాల్లో కాడ గట్టిపడ్డాక తీసేయొచ్చు.

దూరం విషయానికొస్తే, పొట్టిగా గుబురుగా పెరిగి ఒకేసారి కాసే రకాలకి మొక్కకీ మొక్కకీ రెండడుగులు. తీగలా సాగుతూ నెలల తరబడి కాసే రకాలని ఒకే కాడగా కర్ర కట్టి పెంచితే అడుగున్నర సరిపోతుంది, పక్క కొమ్మలు వదిలేస్తే మూడడుగులు ఇవ్వాలి. చిన్న మొక్కల మధ్య అంత ఖాళీ చూస్తే ఇంకో నాలుగు నాటాలనిపిస్తుంది. నాటకండి. గాలి ఆడని గుబురులోనే ఆకుమచ్చ, ఆకుమాడు తెగుళ్లు మొదలయ్యేది.

నాటిన తర్వాత రెండు వారాలు

మొదటి మూడు రోజులు మధ్యాహ్నం పూట నీడ ఇవ్వండి. పాత గుడ్డ, గోనె, ఆకుల కొమ్మ ఏదైనా సరే. నీళ్లు మొదటి వారం రోజూ కానీ, రోజు విడిచి రోజు కానీ కొద్దిగా, మట్టిగడ్డ చుట్టూ. రెండో వారం నుంచి ఆరారగా పోయండి, కానీ పోసినప్పుడు లోతుగా దిగేలా పోయండి. రోజూ పైపైన చిలకరిస్తే వేరు పైనే తిరుగుతుంది, ఒక్క వేడి రోజుకి మొక్క కూలబడుతుంది.

మధ్యాహ్నం ఆకులు వాలితే కంగారుపడి బిందె ఎత్తకండి. సాయంత్రం దాకా చూడండి. చల్లబడ్డాక లేచి నిలబడితే వేరు పని చేస్తున్నట్టే. పొద్దున్నే వాలి ఉంటే అప్పుడు నీళ్లు కావాలి. మట్టి తడిగా ఉండి కూడా పొద్దున్న వాలి ఉంటే అది నీళ్ల కొరత కాదు, వేరు కుళ్లో, ఎండు తెగులో అయి ఉంటుంది, ఇంకా నీళ్లు పోస్తే ముదురుతుంది.

ఈ రెండు వారాలూ ఎరువు వేయకండి. మొవ్వులో కొత్త ఆకు, లేత ఆకుపచ్చగా విప్పుకుంటూ కనిపించడమే వేళ్లూనుకున్న గుర్తు. అప్పుడు కాస్త వర్మీకంపోస్ట్ వేసి, మొదటి పిందెలు గోలీ అంత అయ్యాక మళ్లీ వేయండి. మీ నారుకి వచ్చిన మొగ్గల్ని గిల్లమన్నది ఇందుకే. ఇరుకు ట్రేలో ఎక్కువ రోజులు ఉండి ఒత్తిడికి వచ్చిన పూత అది. ఉంచితే మొక్క వేరు మానేసి ఆ ఒక్క కాయ మీద పడుతుంది.

మట్టి వెచ్చబడ్డాక ఎండుటాకులో, గడ్డో రెండు మూడంగుళాల మందాన కప్పండి, కాడకి మాత్రం తగలకుండా. వాన చినుకులకి మట్టి చిట్లి కింది ఆకుల మీద పడకుండా ఆపడం దీని పెద్ద ఉపయోగం, ఆకుమచ్చ తెగులు చాలాసార్లు ఆ మట్టితోనే ఎక్కుతుంది. మొక్క రెండడుగులు దాటాక నేలకి తగిలే ఆకుల్ని తీసేయడం కూడా అందుకే. చల్లని నేల మీద మరీ ముందే కప్పితే నేల వెచ్చబడటం ఆలస్యమవుతుంది, కాబట్టి ఆగండి.

తర్వాత మీరు అడగబోయేవి

పక్క కొమ్మలు తీయాలా? తీగ రకానికైతే కణుపు సందుల్లో వచ్చేవాటిని వేలెడు పొడవు కాకముందే, ఆకులు ఆరి ఉన్నప్పుడు గిల్లండి. పొట్టి రకానికి వద్దు, వాటిలో కాయ వచ్చేది ఆ కొమ్మలకే. అలా గిల్లిన కొమ్మని తడి మట్టిలో గుచ్చితే కొత్త మొక్క అవుతుంది కూడా.

పూత వచ్చి రాలిపోతోందా? ముందు పైన చెప్పిన వేడి, చలి లెక్క చూడండి. వాతావరణం బాగానే ఉంటే పుప్పొడి రాలడం లేదేమో. టమాటా పువ్వు తన పుప్పొడితో తానే కాయ కడుతుంది, కాకపోతే ఆ పుప్పొడి గొట్టం లాంటి కేసరాల లోపల ఉంటుంది, కదలిక ఉంటేనే బయటికి రాలుతుంది. గాలి తగిలే చోట దానంతటదే జరుగుతుంది. గోడల మధ్య గాలి ఆడని పెరడైతే పొద్దెక్కి మంచు ఆరాక పూగుత్తి వెనక కాడని వేలితో టకటకా తట్టండి.

కాయ అడుగున నల్లగా, తోలులా మచ్చ పడితే అది పురుగూ కాదు, తెగులూ కాదు. కాయ చివరికి కాల్షియం చేరలేదని అర్థం. మట్టిలో కాల్షియం ఉన్నా అది నీళ్లతో పాటే ప్రయాణిస్తుంది, నీళ్లు ఒక రోజు ముంచి నాలుగు రోజులు ఎండగడితే చివరిదాకా అందదు. మొదటి గుత్తికి వచ్చి తర్వాత ఆగిపోవడం మామూలే. ఆ కాయలు తీసేసి నీళ్లు సమంగా పెట్టండి.

ఆకులు చుట్టుకుంటున్నాయని చాలామంది భయపడతారు. కింది ఆకులు పైకి దోనెలా చుట్టుకుని, పచ్చగా, దళసరిగా ఉంటే వేడికీ నీటి హెచ్చుతగ్గులకీ వచ్చేది, దిగులు పడక్కర్లేదు. మొవ్వులో లేత ఆకులు చిన్నవిగా, పసుపు అంచులతో ముడుచుకుని మొక్క గిడసబారితే మాత్రం తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ కావొచ్చు. దానికి మందు లేదు. ఆ మొక్కని పీకి కవర్‌లో కట్టి పారేయండి, పక్క మొక్కల ఆకుల అడుగున తెల్లదోమ ఉందేమో చూడండి. ఈ వైరస్ ఎక్కువగా కనిపించే చోటైతే నారు దశలోనే సన్నని నైలాన్ నెట్ కప్పడం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది, లేత మొక్కకి సోకితే అసలు కాయే ఉండదు.

ఆఖరుగా ఒక చిన్న పని. నారు మొత్తం నాటేయకండి. బలమైనవి ఏరి నాటి, రెండు మూడు మొక్కల్ని కాస్త పెద్ద కుండీల్లోకి మార్చి రెండు వారాలు ఉంచుకోండి. నాటినవాటిలో ఏదైనా పోతే ఆ గుంతలో పెట్టడానికి అదే వయసు మొక్క చేతిలో ఉంటుంది. మీది ఏ రకమో, రాత్రి ఉష్ణోగ్రత ఎంత ఉంటోందో రాస్తే ఎంత దూరం ఇవ్వాలో, పక్క కొమ్మలు తీయాలో వద్దో కచ్చితంగా చెప్తాను.